ఇంటి ముందరి వీధిలో బండి నిలుపు హక్కు

వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపూర్‌కు ‘ఖిల్లా’ అను పేరు కొండమీది కోట వలన వచ్చినది. కాకతీయుల సామంతుడగు గోన గణపరెడ్డి పదమూడవ శతాబ్దములో ఈ కోటను కట్టించెనని చెప్పుదురు. ఆనాడు గాని, తరువాత అనేక తరముల వరకు గాని ఈ ఊరివారికి బండి ఎక్కడ నిలుపవలెనను చింత ఉండియుండదు. కాడి దించి, ఎద్దులను విప్పి, బండిని గోడ ప్రక్కకు నెట్టినచో పని తీరెడిది. ఎద్దులు కొట్టములోనికి పోవును. బండి వాకిట ఉండును. ఆ జాగ ఇంటిదా, వీధిదా అని అడుగవలసిన అవసరము రాలేదు.

ఇట్టి ఊరినుండి ఒక విద్యార్థి నేడు హైదరాబాదునకు పోయి, అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక గది కిరాయికి తీసుకొన్నాడనుకొందము. మొదటి రాత్రియే అతనికి ఎదురగు చిక్కు, మోటారు సైకిలును ఎక్కడ పెట్టవలెనన్నది. ఇంటి యజమాని గేటు లోపల చోటు లేదనును. గేటు బయట పెట్టినచో ప్రక్కింటివారు వచ్చి, “ఇది మా ఇంటి ముందరి జాగ” అందురు. కొందరు మాటలతో ఆగరు. రెండు రాళ్ళో, పూలకుండీలో, విరిగిన కుర్చీయో వీధిలో పెట్టి ఆ జాగను ముందుగానే పట్టి ఉంచుదురు.

చట్టము దృష్టిలో ఆ రాళ్ళకు ఏ విలువయు లేదు. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టము ప్రకారము ప్రజావీధులు నగరపాలక సంస్థకు చెందును. ఇంటివారి హక్కు ప్రహరీగోడతో ముగియును. బండ్లు ఎక్కడ నిలుపవచ్చునో నిర్ణయించు అధికారమును 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 117వ విభాగము రాష్ట్ర ప్రభుత్వమునకును, ప్రభుత్వము ఆ అధికారమును అప్పగించిన సంస్థలకును ఇచ్చినది. అదే చట్టములోని 127వ విభాగమును బట్టి, బహిరంగ స్థలములో 10 గంటలు గాని అంతకు మించి గాని దిక్కులేకుండ వదలిన బండిని పోలీసు అధికారి ఆజ్ఞపై అక్కడినుండి లాగివేయించవచ్చును. కావున గోడ బయటి జాగ ఇంటివారిది కాదు. అయినను ఆ జాగతో ఎక్కువ పని పడునది ఆ ఇంటివారికే. వృద్ధులు కారు దిగవలెను, గ్యాసు బండి ఆగవలెను, అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వచ్చినచో బండి దగ్గర ఉండవలెను. ఈ రెండు సంగతులను పొసగించుటకు కొన్ని నగరములు చేసిన ఏర్పాటే నివాసుల పార్కింగు పర్మిట్టు.

దీని పద్ధతి చూచుటకు సులభముగనే ఉండును. నగర సంస్థ ఒక పేటకు హద్దులు గీయును. ఆ హద్దులలో నివసించువారికి, ఋజువు చూపినమీదట, ఏటేట మార్చుకొనవలసిన అనుమతి పత్రము ఇచ్చును. నిర్ణయించిన వేళలలో ఆ పత్రమున్న బండ్లు ఎంతసేపైనను వీధిలో నిలువవచ్చును. పత్రము లేనివి ఒకటి రెండు గంటలకు మించి నిలువరాదు, కొన్నిచోట్ల అసలే నిలువరాదు. ఈ పత్రము రైలులో రిజర్వు చేసికొన్న బెర్తు వంటిది కాదని మాత్రము గ్రహింపవలెను. ఇది జనరలు పెట్టె టిక్కెట్టు వంటిది. ఎక్కుటకు హక్కు కలదు. కూర్చుండుటకు చోటు దొరకుట అదృష్టము. తన ఇంటి ముందరి జాగయే తనకు దొరకునని ఏ పర్మిట్టును మాట ఇయ్యదు.

ఈ ఏర్పాటు న్యాయమా అను ప్రశ్న అమెరికాలో అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. వాషింగ్టన్ నగరమునకు నది ఆవలి ఒడ్డున, వర్జీనియా రాష్ట్రములో ఆర్లింగ్టన్ కౌంటీ ఉన్నది. (ఉత్తర వర్జీనియాలో నేడు తెలుగు కుటుంబములు పెద్దసంఖ్యలో కలవు.) అక్కడ క్రిస్టల్ సిటీ అను కార్యాలయముల సముదాయము వెలసిన తరువాత, అందులో పనిచేయువారు ప్రక్కనున్న అరోరా హైలాండ్స్ పేట వీధులలో ఉదయము కార్లు నిలిపి సాయంత్రము వరకు తీయక పోయిరి. 1970వ దశాబ్ది ఆరంభమున కౌంటీ పాలకులు, పనిదినములలో పగటివేళ ఆ వీధులను నివాసులకును, వారి ఇండ్లకు పనిమీదనో చూడవచ్చియో వచ్చువారికిని కేటాయించిరి. ఉద్యోగులు దావా వేసిరి. వీధి అందరి పన్నులతో వేసినది కదా, ఇక్కడివాడు, పైవాడు అను భేదమేమని వారి వాదము. వర్జీనియా రాష్ట్ర న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. కాని 1977 అక్టోబరులో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసినది. పేటలలో రద్దీ, రొద, గాలి కాలుష్యము తగ్గించుట, ఉద్యోగులను కార్లు మాని ఇతర సాధనములవైపు మరల్చుట ప్రభుత్వము పెట్టుకొనదగిన లక్ష్యములే అనియు, ఆ లక్ష్యములకు ఈ భేదము పొసగుచున్నదనియు నిర్ణయించినది. ఆ తరువాత అమెరికా నగరములకు ఈ విషయమున సందేహము లేకపోయినది.

తీర్పు వచ్చినంత మాత్రమున ప్రతి పేటకును పర్మిట్టు పనికివచ్చునని కాదు. అసలు కిటుకు ఇక్కడనే ఉన్నది. వీధి నిండియున్నదని అందరికిని కనిపించును; ఎవరి బండ్లతో నిండినదో కంటికి కనిపించదు. అది లెక్కకు మాత్రమే తెలియును.

ఒక వీధిని ఊహించుకొందము. పొడవు 120 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. నిలిపిన కారు సుమారు 2 మీటర్ల వెడల్పు ఆక్రమించును. రెండు ప్రక్కల నిలిపినచో నడుమ 2 మీటర్లే మిగులును. అగ్నిమాపక శకటము పోజాలదు. కావున ఒక ప్రక్కనే నిలుపవలెను. ఆ ప్రక్క 12 ఇండ్లు, ఒక్కొక్క గేటుకు మూడున్నర మీటర్లు విడువగా 42 మీటర్లు పోవును. మలుపుల దగ్గర చూపు ఆనుటకు 18 మీటర్లు విడువవలెననుకొందము. మిగిలినది 60 మీటర్లు. ఒక కారు వరుసలో నిలిచి, మరల బయటికి తీయుటకు 6 మీటర్లు కావలెను. కాబట్టి 10 కార్లకు చోటున్నది. అదే చోట ఒక కారుకు బదులు ఆరు మోటారు సైకిళ్ళు ప్రక్కప్రక్కన నిలుపవచ్చును.

రెండు ప్రక్కల కలిపి 24 ఇండ్లు, ఇంటికి రెండు కుటుంబములు. ఈ 48 కుటుంబములలో గేటు లోపల చోటు దొరకక వీధిపై ఆధారపడిన కార్లు 16 అనుకొందము. పగలు అందులో 10 పనిమీద బయటికి పోవును, 6 మిగులును. 4 చోట్లు ఖాళీ. ఆ నాలుగింటిలోనికి ప్రక్క బజారుకు వచ్చినవారి కార్లు చేరును. మధ్యాహ్నము ఇంటికి వచ్చిన నివాసికి చోటుండదు. ఇచ్చట పర్మిట్టు చక్కగా పనిచేయును, ఏలయన తీసివేయవలసిన పైవారు నిజముగా ఉన్నారు. ఇక రాత్రి సంగతి. బజారు మూతపడినది, పైవారు ఒక్కరును లేరు. 16 కార్లకు 10 చోట్లే ఉన్నవి. పదహారుగురికిని పర్మిట్టులు పంచిపెట్టినచో వీధి ఒక్క అంగుళమైనను పెరుగదు. పూర్వము చోటు లేక తిరిగినవారు ఇపుడు పర్మిట్టు చేతబట్టుకొని తిరుగుదురు.

అందుచేత బుద్ధిగల నగరములు ముందు బండ్ల నంబర్లు వ్రాయించును. ఈ పనికి యంత్రములు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, పెన్సిలు చాలును. తెల్లవారుజామున 5 గంటలకు వీధి ఈ కొననుండి ఆ కొనవరకు నడచి, నిలిచియున్న ప్రతి బండి నంబరును వ్రాయవలెను. ఆ వేళకు వీధిలో ఉన్నవి దాదాపుగా నివాసుల బండ్లే. మరల 11 గంటలకు, సాయంత్రము 6 గంటలకు అట్లే నడువవలెను. తెల్లవారుజాము పట్టికలో లేక, 11 గంటల పట్టికలో ఉన్న నంబర్లు పైవారివి. ఇట్లు కొన్ని పనిదినములు చేసినచో పైవారి భాగమెంతో తేలును. చోట్లలో సుమారు నాలుగింట మూడు వంతులకు మించి నిండి, అందులో పైవారి భాగము చెప్పుకోదగినంత ఉన్నప్పుడే పర్మిట్టు మాట ఎత్తుట ఉచితము. హైస్కూలు విద్యార్థులు తమ మండల కేంద్రములో బస్సులాగు వీధిని తీసికొని ఈ లెక్క చేయవచ్చును. రాత్రిపని ముగించి తెల్లవారినపిదప ఇల్లు చేరు వారి బండ్లు పైవారి పట్టికలో చేరునను లోపము ఇందులో కలదు. దానిని ఎట్లు సవరింపవచ్చునో వారే ఆలోచింపగలరు.

రెండవ చిక్కు వెల. బెంగుళూరులో తెలుగువారు లక్షలలో ఉన్నారు కనుక అక్కడి ప్రయత్నము మనకు దగ్గరిది. కర్ణాటక ప్రభుత్వము 2021లో ఆమోదించిన బెంగుళూరు పార్కింగు విధానములో నివాసుల వార్షిక పర్మిట్టులు చేర్చబడినవి. చిన్న కారుకు ఏడాదికి 1,000 రూపాయలు, పెద్ద కార్లకు 5,000 వరకు అని అందులో సూచించిరి. దినమునకు లెక్కించినచో మూడు రూపాయలకు లోపు మొదలుకొని పదునాలుగు రూపాయలకు లోపు. ఆ మాత్రమునకే పత్రికలలో నిరసన వినవచ్చినది. కాని కారు నిలుచు చోటును కొలిచి చూడుడు. రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, అనగా 12.5 చదరపు మీటర్లు, సుమారు 135 చదరపు అడుగులు. మన విద్యార్థి అమీర్‌పేటలో తీసికొన్న గది కూడ 10 అడుగులకు 13 అడుగులు ఉన్నచో 130 చదరపు అడుగులే. ఆ గదికి అతడు నెలనెలకు ఏమి చెల్లించునో అందరికిని తెలియును. అంత జాగనే వీధిలో కారు ఉచితముగా అనుభవించుచున్నది. పట్టణములలో నేల విలువైనది, నిలుపుదల రుసుము ఆ విలువను చూపవలెను అని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము చెప్పినదియు ఇందుకే.

వెల లేకయో, మరీ చౌకగానో ఇంటికెన్ని కావలెనన్న అన్ని పర్మిట్టులు ఇచ్చిన చోట్ల ఒక విచిత్రము జరుగును. గేటు లోపల చోటున్నవారు దానిని దుకాణముగానో గదిగానో మార్చి కిరాయికిచ్చి, తమ కారును వీధిలోనికి తెత్తురు. హైదరాబాదులో ఇట్టి మార్పునకు పర్మిట్టు కూడ అవసరము కాలేదు. భవన నియమములు వాహనములకని విడువుమన్న సెల్లారులు ఏమగుచున్నవో నగరములో తిరిగినవారికి తెలియును.

మూడవది హద్దు చిక్కు. ఒక పేటకు గట్టు వేసినచో నీరు ప్రక్క మడిలోనికి పారినట్లు, పైవారి బండ్లు గీత దాటి తరువాతి వీధికి చేరును. ఆ వీధివారును పర్మిట్టు కోరుదురు. ఇట్లు గీత జరుగుచు పోవును. నీటి మూలము ఎక్కడనో చూడకుండ గట్లు వేయుట వృథాప్రయాస. హైదరాబాదులో 2017 నవంబరున మెట్రో రైలు నడుచుట ఆరంభమైన తరువాత, స్టేషను వద్ద చోటు చాలని ప్రయాణికులు సమీపపు సందులలో స్కూటర్లు వదలుట సాధారణమైనది. దుకాణము లోపల రుసుమున్నచో కొనుగోలుదారుల బండ్లును సందులోనికే పోవును. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య భవనములలో మొదటి అరగంటకు రుసుము తీసికొనరాదనియు, ఏదేని కొన్న రసీదు చూపినచో గంటవరకు ఉచితమనియు ఉత్తరువు చేసినది. అది కొనుగోలుదారుని కొరకు చేసిన ఉత్తరువే అయినను, ప్రక్క సందుకును కొంత ఊరట కలిగించదగినది.

జపాను వారు చిక్కును మొదటనే పట్టుకొనిరి. 1962లో చేసిన చట్టము ప్రకారము అక్కడ కారు రిజిస్టరు కావలెనన్నచో దానిని ఉంచుటకు వీధి కాక వేరు స్థలము కలదని పోలీసువారి పత్రము చూపవలెను. ఆ స్థలము ఇంటికి 2 కిలోమీటర్ల లోపల ఉండవలెను. రాత్రివేళ వీధిలో ఒకేచోట 8 గంటలు కారు ఉంచుటయు నిషిద్ధము. పైన ఊహించిన వీధిలో రాత్రి మిగిలిపోయిన ఆరు కార్లు అక్కడ పుట్టియే ఉండవు. అయితే ఇది మొదటినుండి చేసిన ఏర్పాటు. బండ్లు లక్షలలో వచ్చి చేరిన తరువాత ఇంత కఠిన నియమము తెచ్చుట సులభము కాదు.

హైదరాబాదు వీధులలో నివాసుల పర్మిట్టు ఇంకను అమలులోనికి రాలేదు. వచ్చిననాడు అన్నిటికంటె కష్టమగు ప్రశ్న ‘నివాసి’ ఎవరన్నది. ఇంటిపన్ను రసీదు అడిగినచో యజమానికే పర్మిట్టు దొరకును, కిరాయిదారు పోవును. కిరాయి పత్రము అడిగినచో, నోటిమాటతో గదిలో దిగినవారును, హాస్టళ్ళలోని విద్యార్థులును పోవుదురు. ఆధారు కార్డుమీద వారికి సొంత ఊరి చిరునామాయే ఉండును. బండి నంబరు చూచి నిర్ణయించుట మరింత తప్పు. వనపర్తిలో రిజిస్టరైన బండికి టీఎస్ 32, లేదా 2024 తరువాతిదైనచో టీజీ 32 అని ఉండును. వీధి సంఘమువారు దానిని చూచి పై ఊరి బండి అందురు. ఖిల్లా ఘణపూర్ నుండి వచ్చిన విద్యార్థి మూడేండ్లుగా ఆ వీధిలోనే ఉండవచ్చును. అతని గదికి పత్రము లేకపోవచ్చును, ఓటు అక్కడ లేకపోవచ్చును. కాని నోటుపుస్తకము పట్టుకొని నడచినవారి తెల్లవారుజాము పట్టికలో అతని నంబరు ప్రతిదినము కనిపించును.