మేడమీద తోటలో విందా? ముందు మెట్లు చూసుకోండి!

‘బార్ అండ్ రెస్టారెంట్’ అన్న బోర్డు చూస్తే మనలాంటి ఇల్లాళ్ళకి లోపలికి కాలు పడదు. అవునా, కాదా? నాకూ అంతే. మా పెళ్ళయి పాతికేళ్ళు నిండిన రోజున మా అమ్మాయి, “ఇవాళ నువ్వు వంటింట్లోకి వెళ్ళడానికి వీల్లేదమ్మా” అంటూ హైదరాబాదులో ఓ పెద్ద భవనం పైఅంతస్తులో ఉన్న హోటల్లో టేబుల్ బుక్ చేసింది. తీరా చూస్తే అది బారు కూడానూ! “తాగేవాళ్ళు తాగుతారు, మనం భోంచేసి వచ్చేద్దాం. అందరూ పిల్లాపాపలతోనే వస్తారు” అంది. సరేనని బయల్దేరాను.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే నా బెరుకంతా ఎగిరిపోయింది. ఎటు చూసినా పచ్చదనమే! వరుసగా కుండీల్లో అరటి, మందార, కాగితంపూల మొక్కలు. చుట్టూ వెదురు తడికలు, పైన తీగల పందిరి, మధ్యలో చిన్న చిన్న దీపాలు. చల్లటి గాలి. నాకసలే మొక్కల పిచ్చి. ఓ కుండీలో వేలు పెట్టి చూశాను. మట్టిలో కొబ్బరిపీచు పొట్టు బాగా కలిపారు. తడిసిన మట్టి ఎంత బరువో డాబామీద మొక్కలు పెంచే మీకు నేను చెప్పాలా? స్లాబు మీద బరువు తగ్గించడానికే ఈ ఉపాయం. పందిరి తీగ తాకి చూద్దును కదా, ప్లాస్టిక్కు! పైకప్పంతా ప్లాస్టిక్కే.

అప్పుడే గుండె గుభేలుమంది. 2017 డిసెంబరు 29 తెల్లవారితే, ముంబయి లోయర్ పరేల్‌లోని కమలా మిల్స్ ఆవరణలో ఇలాంటి మేడమీది హోటళ్ళు రెండు తగలబడ్డాయి. అర్ధరాత్రి దాటిన కాసేపటికే 14 మంది చనిపోయారు. వారిలో 11 మంది ఆడవాళ్ళే. పుట్టినరోజు జరుపుకోవడానికి వచ్చిన అమ్మాయి కూడా అందులో ఉంది. హుక్కా బొగ్గుల నిప్పురవ్వల వల్లే మంటలు లేచాయని అగ్నిమాపక శాఖ తేల్చింది. చాలామంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ. మంటలకి భయపడి బాత్రూముల్లోకి పరుగెత్తినవాళ్ళు ఊపిరాడక అక్కడే పోయారు.

నేను లేచి రెండో మెట్లదారి వెతికాను. ఉంది. కానీ తలుపుకి అడ్డంగా ఖాళీ సీసాల పెట్టెలు! మేనేజరుని పిలిచి, “ఇవి తీయించండి బాబూ, ఆ తర్వాతే ఆర్డరిస్తాం” అన్నాను. “పండగపూట నీకెందుకే ఈ గొడవ?” అని మావారు గొణిగారు. అమ్మాయి మాత్రం లేచి నా పక్కన నిలబడింది. పది నిమిషాల్లో పెట్టెలు తీశారు. తలుపు తోసి, మెట్లు కిందిదాకా ఉన్నాయని చూసుకున్నాకే పనీర్ టిక్కా నోటికి రుచించింది.

ఇలాంటి చోటికి వెళ్ళినప్పుడు మీరూ ఈ ఐదు సంగతులు గుర్తుంచుకోండి.

* కూర్చోకముందే మెట్లు ఎక్కడున్నాయో చూడండి. రెండు దారులుండాలి, రెండూ తెరుచుకోవాలి. పిల్లలకీ చూపించండి.

* మంటలొస్తే లిఫ్టు ఎక్కొద్దు. కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది. బాత్రూములో అసలే దాక్కోవద్దు.

* పొగ పైకి లేస్తుంది. అందుకని వంగి, వీలైతే తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటపడండి. 101కి ఫోను చేయించండి.

* టేబుల్ మీద కొవ్వొత్తులుంటే కొంగు దగ్గరికి తీసుకోండి. నైలాను, పాలిస్టరు చీరలు కరిగి ఒంటికి అంటుకుపోతాయి.

* హుక్కాలు, నిప్పుల పొయ్యిలు ఉన్నవైపు కాకుండా, మెట్లకి దగ్గరగా టేబుల్ అడగండి.

“అడిగితే ఏమనుకుంటారో” అని సిగ్గుపడకండి. కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయ ఏరి పక్కన పెట్టడానికి సిగ్గుపడతామా? డబ్బిచ్చి తినే చోట ప్రాణానికి భద్రత అడగడంలో తప్పేముంది?

మొన్న మా ఆడపడుచు కూతురి సీమంతానికి ఓ ఫంక్షన్ హాలుకి వెళ్ళాం. మూడో అంతస్తు. నేను నోరు తెరవకముందే మావారు అక్కడి కుర్రాణ్ణి పిలిచి, “రెండో మెట్లు ఎటువైపున్నాయి బాబూ?” అని అడిగారు. నేను నవ్వుకుని ఊరుకున్నాను!