డొంకరాయికి గ్రంథపాలకుడెవరు?

గత ఏడాది డొంకరాయి పరిసర గూడేలకు వెళ్లినప్పుడు ఒక కొండరెడ్డి యువకుడు నన్నొక ప్రశ్న అడిగాడు: ‘మీరు లైబ్రరీ పాఠాలు చెబుతారంట కదండీ. మా నాన్న పోడు పట్టా దరఖాస్తు ఎందుకు కొట్టేశారో ఏ పుస్తకంలో ఉంటుంది?’ పదిహేనేళ్లుగా గ్రంథాలయ శాస్త్రం బోధిస్తున్న నాకు వెంటనే సమాధానం తోచలేదు.

నిజానికి సమాధానం అచ్చులోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం, దాని నియమాల ప్రకారం తిరస్కరణకు కారణాలను దరఖాస్తుదారుకు తెలపాలి. ఆపై 60 రోజుల్లో పై కమిటీకి విన్నవించుకోవచ్చు. గడువు సంగతి తెలియకపోతే భూమే పోతుంది. అక్కడ సమాచారం అంటే భూమి.

మన వృత్తికి ఘనమైన చరిత్ర ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకట రమణయ్య వంటివారు ఊరూరా పుస్తకాన్ని ప్రచారం చేశారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ శాస్త్ర బోధన ఆరంభించింది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలని 1931లోనే రంగనాథన్ సూత్రీకరించారు. అయితే ఆ పాఠకుడు అప్పటికే అక్షరం చేజిక్కినవాడు. అక్షరం కొన్ని కులాల ఆస్తిగా ఉన్న సమాజంలో తెరిచిన తలుపు కూడా అందరికీ తెరిచినట్లు కాదు.

నాడు గ్రంథపాలకుణ్ణి తాళంచెవుల గుమాస్తాగా చూశారు. నేడు సమాచార నిపుణుడంటున్నారు. పేరు మారింది, చూపు మారిందా? మా వర్గీకరణ పట్టికనే చూడండి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 సంఖ్య ఉంది. ఆదివాసి చెప్పిన కథ మాత్రం తరచూ 398లో, జానపదంగా, చేరుతుంది. ఒకరిది సాహిత్యం, మరొకరిది పరిశోధనకు ముడిసరుకు! హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లపై పెద్ద గ్రంథమే వెలువరించారు. ఆ పుస్తకం విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు చేరింది, గూడేలకు చేరలేదు.

నిధుల లెక్కలోనూ ఇదే అసమానత. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా వసూలవుతాయి. మేడలున్న పట్టణానికి రాబడి, తాటాకు గుడిసెల గూడేనికి శూన్యం. సీలేరు నీటితో విద్యుత్తు తీసి మైదానానికి వెలుగు పంపిన కొండకు పుస్తకానికి మాత్రం పన్ను లెక్క అడ్డమొస్తోంది.

ఉద్యోగాల ప్రశ్న దీనికి తోడు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు ఉపాధ్యాయులకు సంబంధించినది. అయినా స్థానిక భాష, స్థానిక అవసరం తెలిసినవారు ప్రజాసేవలో ఉండాలన్న వాదన దానితో ముగిసిపోదు. గ్రంథపాలకుడి విషయంలో అది మరింత బలమైనది.

అందుకే ప్రభుత్వం మూడు పనులు చేయాలి. సెస్సుతో నిమిత్తం లేకుండా షెడ్యూల్డ్ ప్రాంత గ్రంథాలయాలకు గిరిజన ఉప ప్రణాళిక నుంచి నిధులివ్వాలి. కోయ, కువి భాషలు రావడాన్ని నియామకంలో అర్హతగా గుర్తించాలి. అటవీ హక్కులు, 1/70 భూబదలాయింపు నిబంధన, పెసా చట్టాలను చదివి వినిపించే బాధ్యతను గ్రంథపాలకుడి విధుల్లో చేర్చాలి. విశ్వవిద్యాలయాల్లో మేము చేయవలసిన పని కూడా ఉంది: డేటాబేసుల వాడకంతో పాటు దరఖాస్తు రాయించడం కూడా నేర్పాలి.

ఆ రాత్రి నియమాల ప్రతి వెతికి, మర్నాడు ఆ యువకుడికి చదివి వినిపించాను. అతడు ముందుగా అడిగింది ఒక్కటే: ‘అరవై రోజులు ఎప్పటినుంచి లెక్కండీ?’ ఆ ప్రశ్నకు గూడెంలోనే జవాబు చెప్పగలిగే మనిషిని నియమించిన రోజున మా వృత్తిపై చూపు మారిందని ఒప్పుకుంటాను.