తోటలోని పనిగది

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అను ప్రదేశములు కలవు. ఒకప్పుడు ఇవి రాతిగుట్టలు, చెఱువులు, సీతాఫలపు పొదలు గల పల్లెలు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూరునందు సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. పిమ్మట హైటెక్ సిటీ అను పేర ఆ ప్రాంతమంతయు గాజుగోడల మేడలతో నిండిపోయెను. ఉదయమున లోపలికి పోయి, చీకటి పడిన తరువాత వెలుపలికి వచ్చుట అచ్చటి ఉద్యోగులకు అలవాటయ్యెను.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. మేడలు నిర్మానుష్యములయ్యెను. ఉద్యోగులు తమ కంప్యూటర్లను ఇండ్లకు కొనిపోయి, అచ్చటినుండియే పనిచేయసాగిరి. పని ఆగలేదు గాని ఇండ్లలో క్రొత్త చిక్కు పుట్టెను. రెండు పడకగదుల ఇంటిలో భార్యాభర్తలిద్దఱును ఉద్యోగులు. పిల్లల పాఠములు సైతము కంప్యూటరుమీదనే. వంటింటిలోని కుక్కరు కూత, ముందుగదిలో తాతగారి దగ్గు, వీధిలో కూరగాయల బండివాని కేక, ఇవన్నియు ఆఫీసు సమావేశములో వినబడుచుండెను. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి యగుటచేత కొందఱి పని అర్ధరాత్రి దాటువఱకు సాగును. తండ్రి మాటలకు పసిబిడ్డ మేలుకొనును. బిడ్డ ఏడ్పునకు తండ్రి పని చెడును. పని చెడినచో జీతమునకే ముప్పు. అప్పుడు పెరడు గలవారిలో కొందఱు ఇంటికి వెలుపల, చెట్లనడుమ, పనికొఱకై ఒక చిన్న గదిని కట్టుకొనదలచిరి. ఇప్పుడు అనేక సంస్థలు తమ ఉద్యోగులను వారమునకు కొన్ని దినములైన ఆఫీసుకు రప్పించుచున్నను, తక్కిన దినములకు అట్టి గది యొక్క అవసరము తీరలేదు.

ఇంటియొద్దనే పని చేయుట తెలుగువారికి వింత గాదు. పూర్వము కరణము తన ఇంటి అరుగుమీదనే లెక్కలు వ్రాయుచుండెను. పోచంపల్లి నేతగాని ఇంటిలో నేటికిని మగ్గమునకు వేఱుగా చోటు కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. తరువాత అచ్చట తోటతో కూడిన బంగళానొకదానిని కొని, పండితులకును లేఖకులకును తానే జీతములిచ్చి, తెలుగు కావ్యముల వ్రాతప్రతులను అందులో సరిచూపించెను. కచ్చేరీ పని కచ్చేరీయందు, పుస్తకముల పని తోటయందు. జనులు ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ యని పిలిచిరి. ఆ స్థలమునందే నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రము నడచుచున్నది.

ఇంగ్లండు దేశమున జార్జి బెర్నార్డ్ షా అను నాటకకర్త తన తోట చివర ఒక చిన్న కొయ్యగదిని కట్టించుకొని అందు కూర్చుండి వ్రాయుచుండెను. దానికి ‘లండన్’ అని పేరు పెట్టెనట. ఎవరైనను వచ్చి పిలిచినచో, అయ్యగారు లండన్‌లో ఉన్నారని ఇంటివారు అబద్ధమాడకయే చెప్పగలిగిరి. ఆ గదిలో ఇంకొక విశేషము కలదు. అది తిరుగుడు పీఠముపై నిలిచియుండుటచేత సూర్యుడు ఎటు తిరిగిన అటు త్రిప్పుకొనుటకు వీలుండెను. అది చలిదేశము, ఎండ వారికి వరము. హైదరాబాదులో గది కట్టువాడు దీనికి సరిగా విరుద్ధమైన పని చేయవలయును. అతని గది సూర్యునకు వీపు చూపవలయును.

సూర్యుని నడకను తెలిసికొననిదే ఇది సాధ్యము గాదు. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 డిగ్రీల అక్షాంశముపై నున్నది. మే 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను మధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. అప్పుడు నిలువుగా పాతిన కఱ్ఱకు నీడ కనబడదు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్న సూర్యుడు కొంచెము ఉత్తరపు ప్రక్కనే యుండును. డిసెంబరు నెలలోనో, దక్షిణమునకు వాలి, మిట్టమధ్యాహ్నము సైతము సుమారు 49 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. కావున దక్షిణపు కిటికీపైన రెండడుగుల చూరు దింపినచో వేసవి మధ్యాహ్నపుటెండ లోనికి రాదు. చలికాలపుటెండ కొంత వచ్చును. తూర్పు పడమరల సంగతి వేఱు. ఉదయ సాయంకాలములయందు సూర్యుడు క్రిందుగా నుండుటచేత, ఎంత చూరు దింపినను కిరణములు గదిలోనికి చొచ్చును. వీనిలో పడమటి యెండ మఱింత చెఱుపు చేయును. అప్పటికే గాలి వేడెక్కియుండును. పడమటి గోడ సాయంకాలము త్రాగిన వేడిని రాత్రి చాల ప్రొద్దు పోవువఱకు గదిలోనికి వదలుచుండును. రాత్రి పనిచేయువాడు ఆ గోడప్రక్కను కూర్చుండినచో పొయ్యిప్రక్కను కూర్చుండినట్లే.

అందుచేత గది పొడవు తూర్పు పడమరలుగాను, వెడల్పు ఉత్తర దక్షిణములుగాను ఉండుట మేలు. అప్పుడు ఎండ తగులు తూర్పు పడమటి గోడలు చిన్నవగును. పడమట పెద్ద కిటికీ పెట్టరాదు. బీరువాలను ఆ గోడకు చేర్చినచో వేడి కొంత అచ్చటనే ఆగును. పెద్ద కిటికీ ఉత్తరమున నుండవలయును. ఉత్తరపు వెలుతురు ప్రొద్దుటినుండి సాయంకాలమువఱకు ఇంచుమించు ఒకే తీరుగ నుండును. బల్లను కిటికీకి అడ్డముగా, వెలుతురు ఎడమప్రక్కనుండియో కుడిప్రక్కనుండియో పడునట్లు వేయవలయును. కిటికీ వెనుకనున్నచో కంప్యూటరు తెరపై దాని ప్రతిబింబము పడును. ఎదుటనున్నచో కన్నులు జిగేలుమనును. ఒక్కరికి పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గల గది చాలును. బల్ల మోచేతుల యెత్తున నుండి, పాదములు నేలకు ఆనవలయును. ఖరీదైన కుర్చీలను గూర్చి జనులు చేయు చర్చలో సగము పైకప్పును గూర్చి చేసినచో బాగుండును.

ఏలయన, వేడిలో పెద్దపాలు పైనుండియే వచ్చును. త్వరగా ముగియునని అనేకులు రేకుల కప్పు వేయుదురు. మే నెల మధ్యాహ్నమున ఆ రేకు చేయి పెట్టలేనంతగా కాలును. దాని క్రింద ఫంకా త్రిప్పినచో వేడిగాలియే తిరుగును. పెంకుల కప్పు వేసి, దాని క్రింద వెదురు తడికతో లోకప్పు కట్టి, రెంటికిని నడుమ గాలి తిరుగుటకు సందు విడిచినచో వేడి చాలవఱకు తగ్గును. సిమెంటు కప్పు అయినచో పైన తెల్లని సున్నము పూయవలయును. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. నలుపు దానిని పీల్చుకొనును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకు ఆధారము ఈ చిన్న సూత్రమే. ఏప్రిల్, మే నెలలలో గాలి పొడిగా నుండును గనుక, కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీరు చల్లినచో, నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును, గది చల్లబడును. వానకాలమున గాలిలోనే తేమ నిండియుండుటచేత ఈ ఉపాయము పనిచేయదు.

అన్నిటికంటె మంచి కప్పు చెట్టు. ఆకులు ఎండను అడ్డుకొనుటయే గాక, నీటిని ఆవిరిగా వదలి చుట్టునున్న గాలిని చల్లబఱచును. వేప, కానుగ చెట్లు ఎండలు ముదురుటకు ముందే ఆకు రాల్చి, మరల చిగిర్చి, సరిగా కావలసిన వేళకు నిండు నీడ నిచ్చును. గదికి పడమట, పునాదికి వేళ్ళు తగులనంత దూరమున, ఇట్టి చెట్టొకటి యున్నచో అదృష్టమే. కాని కొందఱు గదికి చోటు చాలదని ఉన్న చెట్టును కొట్టి, ఆ పిమ్మట వేడికి తాళలేక ఏసీ యంత్రమును కొనుచున్నారు. ఇది తెలివైన పని గాదు. 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము ప్రకారము అనుమతి లేక చెట్టు కొట్టుట నేరము కూడను.

ఇంకొక నిబంధన కలదు. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము ఇంటిచుట్టును కొంత చోటు ఖాళీగా విడువవలయును. అగ్నిప్రమాదము కలిగినప్పుడు మనుష్యులు తప్పించుకొనుటకును, గాలి వెలుతురులు వచ్చుటకును అది యవసరము. ఆ ఖాళీలో గది లేపుట తగదు. కావున చిన్న స్థలములవారు ఈ కోరికను మానుకొనవలసినదే. తక్కినవారైనను పునాది త్రవ్వుటకు ముందే నగరపాలక కార్యాలయమున విచారించుట మంచిది.

పునాది త్రవ్వునప్పుడు ఈ ప్రాంతమున తఱచుగా రాయి తగులును. ఇచ్చటి రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. వానిని పగులగొట్టనక్కఱలేదు, పఱుపురాతిపైననే గోడ లేపవచ్చును. నేల మాత్రము అడుగున్నర యెత్తు చేయవలయును. 2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన వానకు నగరములోని అనేక కాలనీలు నీట మునిగినవి. మిట్టనేలయైనను రాయి నీటిని త్వరగా ఇంకనీయదు. ఎత్తైన నేల చెదలను, పాములను కూడ కొంతవఱకు దూరముంచును.

విద్యుత్తు విషయమున పొదుపు పనికిరాదు. ఇంటినుండి తీగను చెట్లకొమ్మలమీదుగా లాగినవారు ఉన్నారు. గాలికి కొమ్మ ఊగును, తీగ ఒరయును, పైతొడుగు చిరుగును. తడినేలపై చెప్పులు లేక నడచు పిల్లవాని ప్రాణమునకే అపాయము. తీగను గట్టి గొట్టములో నుంచి, పలుగు తగులనంత లోతున పాతవలయును. గదికి సరియైన ఎర్తింగు ఉండవలయును. ఒంటికి విద్యుత్తు సోకిన క్షణముననే ప్రవాహమును ఆపు స్విచ్చిని తప్పక పెట్టింపవలయును. ఇంటర్నెట్టు తీగను వేఱొక గొట్టములో తెచ్చుకొనుట మేలు. వైఫై తరంగములు గోడలను దాటునప్పుడు బలహీనపడును. వానకు తడిసిన గుబురు ఆకులు వానిని మఱికొంత పీల్చుకొనును.

ఐదవ అంతస్తులోనో పదవ అంతస్తులోనో కాపురముండువారికి పెరడు లేదు. ఈ ప్రాంతమున అట్టివారే యెక్కువ. వారికి ఉత్తరపు బాల్కనీ గాని, తూర్పు బాల్కనీ గాని యున్నచో ఒక మూల చిన్న బల్ల వేసికొని, కుండీలలో శంఖపుష్పము, మల్లె వంటి తీగలను పెంచి కమ్ములకు ప్రాకింపవచ్చును. బాల్కనీ తూర్పుదైనచో ఉదయపుటెండను కొంత తీగలు ఆపును. అవి కమ్ములను కప్పుటకు కొన్ని నెలలు పట్టును. అంతవఱకు వెదురు తడికనైనను, తడిపిన గోనెపట్టానైనను కట్టుకొనవచ్చును.