వట్టివేరు ఇంట్లో పెంచుదామా?



వేసవిలో కిటికీ తడికలకు, మంచినీళ్ల కుండకు వాడే వట్టివేరు నిజానికి ఒక గడ్డి వేరు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతుకుతుంది. 4-5 అడుగుల ఎత్తు పెరిగి, ఊదా రంగు కంకులు వేస్తుంది. చూడటానికీ బాగుంటుంది.

పచారీ కొట్లో దొరికే ఎండు వేళ్లను మట్టిలో పెట్టి పిల్లలకు ఆశ పెట్టకండి, అవి మొలవవు. నర్సరీలో వేళ్లున్న పిలక అడగండి. ఆకులు జానెడు ఉంచి కత్తిరించి, వెంటనే నాటేయండి.

వేరు పక్కలకు పోదు, నేరుగా కిందికి దిగుతుంది. నేలలో అయితే 3 మీటర్ల దాకా కూడా. అందుకే వెడల్పు కుండీ కంటే లోతైన డ్రమ్ము, లేదా బియ్యం బస్తా మేలు. అడుగున రంధ్రాలు పెట్టి ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపండి. ఇసుక కాస్త ఎక్కువే వేయండి, తీసేటప్పుడు వేరు తెగదు. ఎండ బాగా తగలాలి. నీడ బాల్కనీ అయితే వద్దు. మొదటి నెల తడి ఆరనివ్వకండి, తర్వాత అంత పట్టింపు లేదు.

ఆకు అంచులు గీసుకుంటాయి, కత్తిరింపు పెద్దవాళ్లే చేయండి.

వేరు తీయడానికి ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. పిల్లలు అంతదాకా ఆగరు, ‘ఎంత వచ్చిందో చూద్దాం’ అని పీకుతారు! కాబట్టి రెండు బస్తాలు పెట్టండి: ఒకటి వాళ్లు పీకి చూసుకోవడానికి, ఒకటి పెరగడానికి.