బొద్దుగా ఉన్న పిల్లల గుండెకి ఇప్పుడే ఏమవుతుంది?

 

"మావాడు కాస్త బొద్దుగా ఉన్నాడు, ఎదిగే వయసు కదా, అదే తగ్గిపోద్దిలే" అని మన ఇళ్లలో అంటుంటారు. గుండె జబ్బంటే యాభై దాటాక వచ్చేదని మన లెక్క. బయటపడేది అప్పుడే కావచ్చు, మొదలయ్యేది మాత్రం చాలా ముందు.

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెల్ని డాక్టర్లు పరీక్షించి, 1953లో ఫలితాలు చెప్పారు. వాళ్ల సగటు వయసు 22 ఏళ్లే. అయినా నూటికి 77 మందికి గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. తర్వాత 1973లో అమెరికాలోని బొగలూసా అనే ఊళ్లో పిల్లల మీద పెద్ద పరిశోధన మొదలైంది. బరువు, బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువయ్యే కొద్దీ చిన్న వయసులోనే రక్తనాళాల్లో కొవ్వు చారలు పెరుగుతాయని అందులో తేలింది.

ఎందుకంటే, పొట్టలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తంలో కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బీపీ ఎక్కుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనకి తెలీదు.

ఇంట్లోనే చిన్న టెస్ట్ చేసుకోండి. మీ ఎత్తుకు సరిపడా దారం తీసుకుని సగానికి మడవండి. అది నడుం చుట్టూ అందకపోతే జాగ్రత్త పడాలి. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారినా, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరో, చిన్న వయసులో గుండెపోటో వచ్చి ఉన్నా, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి బీపీ, షుగర్ చూపించుకోండి. 13 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ 120/80 లోపు ఉండాలి.

మరి ఏం చేయాలి? కడుపు మాడ్చుకోవద్దు. 250 మి.లీ. కూల్‌డ్రింక్‌లో దాదాపు ఆరు టీస్పూన్ల చక్కెర ఉంటుంది, ముందు అది మానేయండి. రోజుకి గంటసేపు ఆట, సైకిల్, నడక, ఏదైనా సరే. రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఎనిమిది గంటలు నిద్రపోండి. సిగరెట్ జోలికి అసలు పోవద్దు.

ఇప్పుడు అసలు మంచి మాట. చిన్నప్పుడు లావుగా ఉండి, పెద్దయ్యేసరికి ఆ ఊబకాయం తగ్గించుకున్నవాళ్లకి బీపీ, షుగర్ లాంటి ముప్పులు మొదట్నుంచీ సన్నగా ఉన్నవాళ్లతో దాదాపు సమానమేనని 2011లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అంటే టైమ్ ఇంకా మీ చేతుల్లోనే ఉంది.

క్లాసులో లావుగా ఉన్న ఫ్రెండ్‌ని ఎగతాళి చేయకండి. సాయంత్రం ఆటకి పిలవండి, వాడి గుండెకి అదే పెద్ద సాయం.