నాలుగు చక్రాల గుట్టు... ఆ పెట్టెలోనే!

పాత ఫోర్‌వీల్ ట్రక్కు కొన్నవాళ్లు ముందు ఇంజిను బాగుచేయిస్తారు. తర్వాత రంగు వేయిస్తారు, పెద్ద టైర్లు బిగిస్తారు. తీరా బండి బురదలో దిగబడిన రోజున గట్టెక్కించాల్సింది మాత్రం అడుగున ఎవరికీ కనబడని ఓ పెట్టె. దాని పేరే ట్రాన్స్‌ఫర్ కేస్. అందులో ఏది మన్నుతుంది? ఏది మొరాయిస్తుంది?

మామూలు బండిలో ఇంజిను బలం గేరుబాక్సు నుంచి రెండు చక్రాలకే వెళుతుంది. ఫోర్‌వీల్ బండిలో గేరుబాక్సు వెనకాల మరో పెట్టె ఉంటుంది. దాన్నుంచి ఒక షాఫ్టు వెనక చక్రాలకు, మరొకటి ముందు చక్రాలకు పోతుంది. బలాన్ని రెండువైపులా పంచడం దాని మొదటి పని. ‘లో’ గేరులో వేగాన్ని తగ్గించి లాగే శక్తిని పెంచడం రెండోది. ఈ రెండో పనిలోనే పెట్టె మీద అసలు భారం పడుతుంది.

తెలుగువారికి ఇది మరీ కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. వాటిలో గేరు రాడ్డు పక్కన మరో రెండు పొట్టి లివర్లు ఉండేవి. ఒకటి ముందు చక్రాలకు, రెండోది హై-లో మార్చడానికి. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. మన మన్యం ఘాట్‌రోడ్ల మీద జనాన్ని మోసింది ఆ వంశపు బళ్లే. అయితే, జీపు కనపడగానే నాలుగు చక్రాలూ లాగుతాయనుకుంటే పొరపాటే. రెండు చక్రాలతో లాగేవీ బోలెడు ఉన్నాయి!

ఆ జీపుల్లోని పెట్టె పేరు స్పైసర్ 18. పోత ఇనుప కేసు, లోపలంతా గేర్లే. అందులో మధ్య గేరును మోసే షాఫ్టు మొదట ముప్పావు అంగుళం మందం ఉండేది. తర్వాత అంగుళంపావుకు కాస్త తక్కువగా, అంటే ఒకటీ ఒకటింట ఎనిమిదో వంతుకు పెంచారు. చివరకు అంగుళంపావు చేశారు. పైకి అన్నీ ఒక్కలాగే కనిపించినా, వెతికేవాళ్లు అంగుళంపావు షాఫ్టున్న దానికే మొగ్గుచూపుతారు. మన్నిక అనేది పేరులో కాదు, లోపలి కొలతలో ఉంటుందనడానికి ఇదే సాక్ష్యం.

గేర్లా... చైనా?

ఈ ఎంపిక పెద్ద చర్చగా మారింది మాత్రం అమెరికాలోనే. అక్కడ 1970ల నాటి షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్ పికప్ ట్రక్కులను బాగుచేసి నడపడం ఎంతోమందికి వ్యసనం. ఆ మూడు కంపెనీలకూ ట్రాన్స్‌ఫర్ కేసులు అందించింది ఒకే సంస్థ... న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌కు చెందిన న్యూ ప్రాసెస్ గేర్. దాని మోడళ్లలో తరచూ వినిపించే నెంబర్లు మూడు.

మొదటిది 205. మందపాటి పోత ఇనుప కేసు, లోపల చైను ఊసే లేదు, అన్నీ గేర్లే. బరువు 60 కిలోలకు పైనే. ఆయిల్ పంపు కూడా ఉండదు. తిరిగే గేర్లే ఆయిల్‌ను చిమ్ముకుంటాయి. పాడవడానికి భాగాలే తక్కువ. డీజిల్ ఇంజిన్ల డాడ్జ్ ట్రక్కుల్లో 1993 దాకా దీన్నే వాడారంటే కంపెనీకి దీని మీద ఎంత నమ్మకమో అర్థమవుతుంది.

రెండోది 203. 1970ల మధ్యలో సౌకర్యం పేరుతో వచ్చింది. లివర్లతో, ముందు చక్రాల హబ్బులతో పనిలేకుండా ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగుతూనే ఉంటాయి. వినడానికి బాగానే ఉంది కానీ, అసలే 1973 చమురు సంక్షోభం తర్వాతి రోజులు. ముందు షాఫ్టు నిత్యం తిరుగుతుంటే పెట్రోలు ఖర్చు పెరిగింది. పొడవాటి చైను ఏళ్లు గడిచేకొద్దీ సాగింది. దాంతో చాలామంది కిట్లు తెచ్చి, అవసరమైనప్పుడే ఫోర్‌వీల్ పనిచేసేలా మార్పించుకున్నారు.

మూడోది 208. బండి బరువు తగ్గించాలన్న తపనతో 1980ల మొదట్లో అల్యూమినియం కేసుతో వచ్చింది. లోపల చైను, ఆయిల్‌కు పంపు. శబ్దం తక్కువ. ‘లో’ గేరు నిష్పత్తి 2.61. అంటే, పెట్టెలోకి వచ్చే షాఫ్టు 2.61 చుట్లు తిరిగితే బయటికెళ్లేది ఒక్క చుట్టు. 205లో ఇది 1.96 మాత్రమే. రోజూ రోడ్డు మీద తిరుగుతూ, ఎప్పుడో వానాకాలంలో పొలం దారి పట్టే బండికి 208 చక్కగా సరిపోతుంది. పెద్ద టైర్లు, బండరాళ్లు, భారీ బరువులు అంటేనే ఇబ్బంది.

అల్యూమినియం అనగానే చులకన చేయాల్సిన పనీ లేదు. బండరాళ్లెక్కే బళ్లకోసం తర్వాతి కాలంలో వచ్చిన అట్లాస్ పెట్టె కేసు కూడా అల్యూమినియమే. కాకపోతే లోపల చైను బదులు బలమైన గేర్లుంటాయి.

లెక్క వేశాకే...

నిష్పత్తి ఎంత ఎక్కువైతే అంత గొప్ప అనుకునేవారున్నారు. కానీ బండి మొత్తం లెక్క చూడాలి. పాత షెవర్లే ట్రక్కుల్లోని నాలుగు గేర్ల బాక్సులో మొదటి గేరు 6.55. ఇరుసు నిష్పత్తి 4.10 అనుకుంటే, 205తో మూడూ కలిపి గుణిస్తే సుమారు 53 వస్తుంది. 208తో అయితే 70. చాలా పనులకు 53 చాలు. మొదటి గేరే అంత నెమ్మదిగా ఉన్న బండికి పెట్టెలో నిష్పత్తికన్నా గట్టిదనమే ముఖ్యం.

ఇక్కడో తమాషా ఉంది. ఎవరూ వద్దన్న 203లో ముందు భాగం, అంటే వేగం తగ్గించే గేర్ల అర, భేషుగ్గా ఉంటుంది. దాన్ని విడదీసి 205 ముందు బిగించేవాళ్లున్నారు. రెండూ కలిస్తే నిష్పత్తి దాదాపు 4. పనికిరాదన్నదే ఇలా అక్కరకొచ్చింది!

పట్టేదేనా?

గట్టి పెట్టె దొరికినంత మాత్రాన పనైపోదు. మూడు విషయాలు తేల్చుకోవాలి.

ముందు షాఫ్టు ఏ వైపు? పాత షెవర్లే పికప్పుల్లో ఇది కుడివైపు ఉంటుంది. 1980ల ఫోర్డుల్లో ఎడమవైపు. ఇరుసు ఒకవైపు, పెట్టె మరోవైపు చూస్తుంటే డబ్బు నీళ్లపాలే.

పళ్లు ఎన్ని? గేరుబాక్సు షాఫ్టు చివర ఉండే స్ప్లైన్లు సరిపోవాలి. షెవర్లేలకు వచ్చిన 205ల్లోనే 10, 27, 32 పళ్లవి ఉన్నాయి.

అతుకా, విడా? కొన్ని పెట్టెలు గేరుబాక్సుకే బిగిస్తారు. మరికొన్ని విడిగా ఛాసిస్‌కు వేలాడుతూ, మధ్యలో చిన్న షాఫ్టుతో కలుస్తాయి. ఒకదాని చోట మరొకటి నేరుగా కూర్చోదు.

పాతది కొనేటప్పుడు ముందు ఆయిల్ తీయించి చూడాలి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. ఇనుప ముక్కలు కనిపిస్తే గేర్లో, బేరింగులో పోతున్నట్టు. షాఫ్టు తగిలించే చోటు పట్టుకుని ఊపితే కదలకూడదు. కదిలితే బేరింగు అరిగిందనే.

మన దగ్గర మరో మెలిక ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు. పాడైన పెట్టె స్థానంలో అదే రకం వేయించుకోవడం వేరు, రెండు చక్రాల జీపును నాలుగు చక్రాలదిగా మార్చడం వేరు. పనిముట్లు పట్టేముందే రవాణాశాఖ కార్యాలయంలో కనుక్కోవడం మేలు.

ఇవి మరవొద్దు

ఎంత గట్టి పెట్టెనైనా పాడుచేసే అలవాటొకటి ఉంది. పొడి తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి నడపడం. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పాతకాలపు పెట్టె అందుకు వీలివ్వదు. ఆ ఒత్తిడంతా గేర్ల మీద, చైను మీద పడుతుంది. బురద, ఇసుక అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది.

రెండోది ప్రాణాలకు సంబంధించింది. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే, గేరుబాక్సు ఏ గేరులో ఉన్నా చక్రాలకు సంబంధం తెగిపోతుంది. గేరులో పెట్టాం కదా అని వాలులో వదిలేస్తే బండి దొర్లిపోతుంది. విల్లీస్ జీపులో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉండే డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక షాఫ్టు విప్పిన జీపుకు ఆ బ్రేకును నమ్మడానికి లేదు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే కిందికి దూరాలి.

సిరక్యూస్‌లోని ఆ సంస్థ కర్మాగారం 2012లో మూతపడింది. అక్కడ తయారైన 205లు మాత్రం పాత ట్రక్కుల కింద తిరుగుతూనే ఉన్నాయి. విప్పి చూడగలిగేది, అరిగిన ముక్క మార్చి మళ్లీ బిగించగలిగేది... పది కాలాల పాటు మన్నేది అదే!