ఫ్యాన్ ఆగిందా... ప్లగ్ తీయండి!

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం సీమలో దుమ్ముకు మాత్రం కరవు లేదు. బత్తలపల్లెలాంటి ఊళ్లలో అది ఇంట్లోని కంప్యూటర్‌నూ వదలదు. పనిచేస్తూ చేస్తూ ఉన్నట్టుండి కంప్యూటర్ ఆగిపోతోందా? ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను అనుమానించండి. అది తిరగకపోతే ప్రాసెసర్ వేడి నిమిషాల్లోనే 90-100 డిగ్రీలకు చేరొచ్చు. కాలిపోకుండా ముందు వేగం తగ్గించుకుంటుంది, ఆనక ఆగిపోతుంది. పదేపదే ఆన్ చేయకండి.

ప్లగ్ తీసి, మూత విప్పి, రెక్కను వేలితో తిప్పండి. తేలిగ్గా తిరిగితే వైరు అడ్డుపడిందేమో, మదర్‌బోర్డుకు పెట్టే పిన్ను వదులైందేమో చూడండి. దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. అయినా బిగుసుకునే ఉంటే ఫ్యాన్ మార్చాల్సిందే. హీట్‌సింక్ ఊడదీస్తే పాత పేస్టు తుడిచి కొత్తది రాయాలి. మామూలు ఫ్యాన్‌కయ్యే ఖర్చు వందల్లోనే... ప్రాసెసర్ పోతే వేలల్లో!